ఆస్పత్రి తోటల రెడ్ వైన్: గుండెకు మందా?

"సిస్టర్, రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా, నాన్నగారికి రాత్రిపూట కొంచెం ఇవ్వమంటారా?" గుండెపోటు వచ్చి కోలుకుని ఇంటికి వెళ్లే రోగుల కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. విదేశాల్లో ఉన్న కొడుకో అల్లుడో ఒక సీసా తెచ్చి ఉంటారు. పౌలు తిమోతికి చెప్పిన సలహాను గుర్తు చేసేవారూ ఉన్నారు. ఒక ఆస్పత్రి తన సొంత తోటల్లో తయారుచేసే వైన్ సంగతి తెలుసుకుంటే దీనికి జవాబు సులువుగా అర్థమవుతుంది.

ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతంలో బోన్ అనే పట్టణం ఉంది. అక్కడ 1443లో నికొలా రోలిన్ అనే మంత్రి, ఆయన భార్య గిగోన్ కలిసి బీదల కోసం ఓతెల్ ద్యూ అనే ఆస్పత్రిని స్థాపించారు. మొదటి రోగిని 1452 జనవరి 1న చేర్చుకున్నారు. పొడవైన ఒకే హాలు, రెండు వైపులా ఎర్ర తెరలు కట్టిన మంచాలు, చివర ప్రార్థనా స్థలం. ఒక్కో మంచం మీద ఇద్దరు రోగులను కూడా పడుకోబెట్టేవారు. ఈనాటి నర్సుకు ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటుంది! అక్కడ సేవ చేసింది సిస్టర్లే. ఆ హాళ్లలో 1971 వరకు వైద్యం జరిగింది. ఇప్పుడు ఆ కట్టడం మ్యూజియం. ఆస్పత్రి అదే ఊళ్లో కొత్త భవనాల్లో నడుస్తోంది.

1457లో ఒక దాత ఈ ఆస్పత్రికి ద్రాక్షతోట రాసిచ్చారు. ఆ తర్వాత తరతరాలుగా అలాగే ఇస్తూ వచ్చారు. ఈరోజు ఆస్పత్రికి సుమారు 60 హెక్టార్లు, అంటే దాదాపు 150 ఎకరాల తోటలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పినో న్వార్ అనే నల్లద్రాక్ష. నల్లద్రాక్షను పిండితే వచ్చే రసానికి దాదాపు రంగే ఉండదు. తొక్కలతో సహా పులియబెడితేనే ఎరుపు, వగరు దిగుతాయి. ఈస్ట్ పండులోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. వేరువేరు మడుల పంట రుచిలో ఒకేలా ఉండదు కాబట్టి, కొన్ని మడుల పంటను కలిపి ఒక మిశ్రమం చేస్తారు. దానికి దాతల్లో ఒకరి పేరు పెడతారు. నికొలా రోలిన్ పేరున్న ఎర్ర వైన్ కూడా అలాంటిదే. 1859 నుంచి ఈ వైన్లకు వేలంపాట జరుగుతోంది. ఇప్పుడది నవంబరు మూడో ఆదివారం జరుగుతుంది. 228 లీటర్ల పీపా ఒక్కొక్కటిగా పాడతారు. వచ్చిన సొమ్ము ఆస్పత్రి భవనాలకు, పరికరాలకు ఖర్చవుతుంది.

ఇంతకాలంగా ఆ వైన్ రోగులకు చేస్తున్న అసలు మేలు ఈ సొమ్మే. పూర్వం యూరప్ ఆస్పత్రుల్లో వైన్‌ను మందుగా కూడా ఇచ్చేవారన్నది నిజం. తాగే నీరు నమ్మదగినది కాదు, నొప్పికీ జ్వరానికీ మన దగ్గరున్న మందులు అప్పుడు లేవు. తిమోతికి చెప్పింది కూడా కడుపు జబ్బు గురించే, గుండె గురించి కాదు.

మరి "గుండెకు మంచిది" అన్న మాట ఎక్కడిది? ఫ్రెంచివారు వెన్న, జున్ను బాగా తిన్నా వారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు వైన్ కారణం కావచ్చని 1991లో అమెరికా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. అప్పటినుంచి ఈ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత చూస్తే చాలా పాత అధ్యయనాల్లో, జబ్బు చేసి తాగుడు మానేసిన వారిని కూడా "తాగనివారి" లెక్కలో కలిపేశారు. దాంతో కొద్దిగా తాగేవారు ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు. తొక్కలోని రెస్వెరట్రాల్ గురించి చాలా చెబుతారు గానీ, లీటరు వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే ప్రకటించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023లో చెప్పింది.

150 మి.లీ. వైన్‌లో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒకటిన్నర చిన్న పెగ్గుల విస్కీలోనూ ఉండేది అంతే. సీసా ఎంత ఖరీదైనదైనా కాలేయానికి ఆ తేడా తెలియదు.

ఇంట్లో మందులు వాడుతున్నవారుంటే ఇంకా జాగ్రత్త అవసరం. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవారికి తాగిన కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు చూసి "మత్తు" అనుకుని వదిలేస్తారు. వార్ఫారిన్ వాడేవారిలో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. టీబీ మందులు వాడేవారికి కాలేయం దెబ్బతింటుంది. నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు వేసుకునేవారు అసలు ముట్టకూడదు. గర్భిణులూ అంతే.

ద్రాక్షపండ్లు తొక్కతో తినవచ్చు. షుగరు ఉన్నవారు ఎన్ని తినాలో డాక్టరుగారిని అడగండి.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్న మనిషి ఆస్పత్రిలో చేరితే ఆ సంగతి మాత్రం దాచకండి. పరువు పోతుందని భార్య చెప్పదు, పిల్లలు చెప్పరు. ఆపరేషనైన మర్నాడో మూడోనాడో ఆయనకు చేతులు వణుకుతాయి, లేనిదేదో కనిపిస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ముందే తెలిస్తే డాక్టరుగారు దానికి మందు రాస్తారు. ఏం తాగుతారు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు తాగారు అన్న మూడు సంగతులు నర్సుకు విడిగా చెప్పినా చాలు, కేస్ షీట్‌లో రాసుకుంటాం. ఇంట్లో ఉన్నట్టుండి మానేసిన మనిషిలో ఈ లక్షణాలు కనబడితే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.