ట్రాక్టరుకు తగిన స్టార్టర్ మోటారు: ఇంజన్ బ్లాకుతో, ఫ్లైవీల్‌తో పొంతన చూసే విధానం

ఆదిలాబాద్ జిల్లా నల్లరేగడి నేలల్లో ప్రత్తి, సోయాచిక్కుడు ప్రధానమైన వానాకాలపు పంటలు. తొలకరి కురిసిన తరువాత విత్తుటకు దొరికే అదను కొద్ది రోజులే. యాసంగిలో, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో, ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోవడం సాధారణం. ఆ చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. ఈ రెండు కాలాల్లోనూ ట్రాక్టరు పిలిచిన వెంటనే పలకాలి.

మెకానిక్కులు ‘సెల్ఫ్’ అని పిలిచే స్టార్టర్ మోటారు చెడిపోయినప్పుడు చేతికందిన మరొక మోటారును బిగించడం తరచుగా జరిగే పొరపాటు. అది మొదట ఇంజన్‌ను తిప్పవచ్చు. కాని పొంతన లేని పినియన్ క్రమంగా ఫ్లైవీల్ రింగు పళ్ళను తినివేస్తుంది. రింగు మార్చాలంటే చాలా ట్రాక్టర్లలో ఇంజన్‌ను క్లచ్ హౌసింగ్ నుండి వేరుచేయక తప్పదు. విత్తే వేళలో ఆ పని పడితే రైతుకు అదను తప్పుతుంది.

బ్లాకు నిర్ణయించేది, ఫ్లైవీల్ నిర్ణయించేది

మోటారు కూర్చునే చోటును ఇంజన్ బ్లాకు లేదా దాని వెనుక పలక నిర్ణయిస్తుంది. అంటే క్రాంక్ షాఫ్టు కేంద్రానికి, పినియన్ కేంద్రానికి మధ్య దూరం అక్కడే స్థిరపడిపోతుంది. పంటి పరిమాణాన్ని, అనగా మాడ్యూల్‌ను, ఫ్లైవీల్ రింగు నిర్ణయిస్తుంది. మోటారు ఈ రెండింటికీ ఒకేసారి ఒదగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రింగుకు 120 పళ్ళు, వెలుపలి వ్యాసం 366 మి.మీ. అనుకుందాం. ప్రామాణికమైన పంటి రూపంలో వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకు 2 కలిపి భాగిస్తే మాడ్యూల్ వస్తుంది: 366ను 122తో భాగించగా 3. పది పళ్ళ పినియన్‌కు కేంద్రాల మధ్య దూరం 130లో సగాన్ని 3తో గుణించగా 195 మి.మీ. అదే స్థానంలో తొమ్మిది పళ్ళ పినియన్ పెడితే కావలసిన దూరం 193.5 మి.మీ. ఒక్క పంటి తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడమవుతుంది. పళ్ళు కొసలతో మాత్రమే తాకి విరుగుతాయి.

చిన్న పినియన్లలో పంటి రూపాన్ని కొంత సవరించి తయారుచేస్తారు. అందువల్ల పినియన్ వ్యాసాన్ని మాత్రమే కొలిచి మాడ్యూల్ లెక్కించరాదు. రింగును కొలవాలి, రెండింటి పళ్ళనూ లెక్కించాలి, పాత పినియన్‌తో పోల్చి చూడాలి.

బిగించే ముందు పరిశీలించవలసినవి

1. ఫ్లాంజికి రెండు బోల్టులా, మూడా. వాటి మధ్య దూరం ఎంత. మోటారు మూతి బ్లాకు రంధ్రంలో వదులు లేకుండా కూర్చుంటున్నదా. మోటారును కేంద్రంలో నిలిపేది ఆ మూతి. బోల్టుల పని బిగింపు మాత్రమే.

2. తిరిగే దిశ. ముందు నుండి చూస్తే సవ్యదిశలో తిరిగే ఇంజన్‌కు మోటారు ఫ్లైవీల్ ముందువైపు, అనగా బ్లాకు పక్కన ఉన్నట్లయితే, పినియన్ కొస నుండి చూసినప్పుడు అది కూడా సవ్యదిశలోనే తిరగాలి. మోటారు ఫ్లైవీల్ వెనుకవైపు ఉంటే అపసవ్యదిశలో తిరగాలి.

3. విశ్రాంతిలో ఉన్న పినియన్ ముఖానికి, రింగుకు మధ్య ఎడం. ఇది సాధారణంగా 3 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. తక్కువైతే నడుస్తున్న రింగును పినియన్ రాసుకుంటుంది. ఎక్కువైతే పళ్ళు పూర్తి వెడల్పున పట్టవు.

4. పళ్ళు కలిసినప్పుడు వాటి మధ్య కొద్దిపాటి ఆట ఉండాలి. తయారీదారు సూచించిన విలువే దీనికి ప్రమాణం.

శక్తి, వేగం

పై ఉదాహరణలో నిష్పత్తి 12. ఇంజన్‌ను నిమిషానికి 150 చుట్లు తిప్పాలంటే పినియన్ 1,800 చుట్లు తిరగాలి. ఆ వేగంలో 120 న్యూటన్ మీటర్ల టార్కు అవసరమనుకుంటే కావలసిన శక్తి సుమారు 1.9 కిలోవాట్లు. 12 వోల్టుల వ్యవస్థలో ఇది కొన్ని వందల ఆంపియర్ల కరెంటును కోరుతుంది. కనుక మోటారు ఎంత బలమైనదైనా, సన్నని కేబులు, తుప్పు పట్టిన ఎర్తు బిగింపు ఉన్నచోట ఫలితం ఉండదు. ‘సెల్ఫ్ బలహీనం’ అని మోటారును మార్చే ముందు బ్యాటరీని, కేబుళ్ళ వద్ద వోల్టేజి పతనాన్ని పరీక్షించాలి.

ఇంజన్ అంటుకుని 800 చుట్లకు చేరిన క్షణంలో పినియన్ ఇంకా పట్టుకునే ఉంటే అది 9,600 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం మోటారుకు చేరకుండా కాపాడేది మెకానిక్కులు ‘బెండిక్స్’ అనే భాగంలోని ఏకదిశా క్లచ్. ఇంజన్ అంటుకోగానే తాళం చెవిని వదలమని రైతుకు చెప్పడం ఇందుకే.

రింగు చెప్పే సాక్ష్యం

ఇంజన్ ఆగేటప్పుడు ఏదో ఒక సిలిండరు సంపీడన దశ దగ్గరే నిలుస్తుంది. అందువల్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రింగు ముఖ్యంగా రెండు చోట్ల, మూడు సిలిండర్ల ఇంజన్‌లో మూడు చోట్ల అరుగుతుంది. అరుగుదల ఈ చోట్లకే పరిమితమైతే అది వయసు లక్షణం. చుట్టూ పళ్ళ కొసలు నలిగి ఉంటే పొంతన లోపాన్ని అనుమానించాలి. అరిగిన రింగుపై కొత్త మోటారు బిగిస్తే కొత్త పినియన్ కూడా త్వరలోనే పాడవుతుంది. రింగును మార్చినప్పుడు పంటి అంచు వాలుగా చెక్కిన వైపు పినియన్ వచ్చే దిక్కుకు ఉండాలి. దానిని సమంగా వేడిచేసి ఎక్కించాలి. అతిగా వేడిచేస్తే పంటి గట్టిదనం పోతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు వేసవిలో నిర్వహించే యంత్ర సంరక్షణ శిక్షణల్లో రైతుచేత, మెకానిక్కుచేత రింగు పళ్ళ సంఖ్య, పినియన్ పళ్ళ సంఖ్య, బోల్టుల దూరం, తిరిగే దిశ, మోటారు శక్తి అనే ఐదు వివరాలను ట్రాక్టరు పుస్తకంలో రాయించడం మేలు. మోటారు బాగున్నప్పుడు రాసుకున్న ఆ ఐదు వివరాలు, అది చెడిపోయిన నాడు సరైన మోటారును వెతికి తేవడానికి తోడ్పడతాయి.