విమానములకు ఉమ్మడిశాల

ఎడ్లను కొనకముందే కొట్టము కట్టుకొనుట మన రైతుల వాడుక. చిన్న విమానములు కొనువారి విషయమున ఈ క్రమము తరచుగా తలక్రిందగుచుండును. విమానమునకు ధర యెంత, అది గంటకెంత నూనె త్రాగును, అను లెక్కలన్నియు ముందే వేసికొందురు. దానిని రాత్రి యెక్కడ నిలుపవలెనను ప్రశ్నమాత్రము విమానము వచ్చి నేలపై నిలిచిన తరువాతనే తోచును. అట్లు నిలుపు గృహమునకు హ్యాంగరని పేరు. మనము విమానశాల యందము. ఒక్కనికి భారమైన యీ శాలను ఆరుగురు కలిసి యెట్లు కట్టుకొనవచ్చునో, మన గోదావరి డెల్టాలో కట్టునపుడు ముఖ్యముగా దేనికి జడియవలెనో యిచ్చట కొంత వివరించెదను.

వరిచేల నడుమనుండు మనకు విమానముల గొడవ యేలయని కొందఱనవచ్చును. భారత అంతరిక్ష పరిశోధనసంస్థవారి రాకెట్టులకు వలయు ద్రవ ఇంధనమును మన తణుకులోని ఆంధ్రా షుగర్సువారు తయారుచేసి యిచ్చియున్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు తాడేపల్లిగూడెమున విమానములకు పరుగుబాట వేసిరి. రాజమహేంద్రవరమునకు మధురపూడిలో విమానాశ్రయము కలదు. ఇన్నియుండియు, చిన్న విమానము నడుపనేర్వగోరిన మన బాలుడు చిరకాలముగా హైదరాబాదు, మద్రాసువంటి పట్టణములకు పోవలసినవాడే అయ్యెను. 1930 ప్రాంతమున ఆ పట్టణములలో ఫ్లయింగుక్లబ్బులు పుట్టినవి. ఒక్కరు కొనలేని విమానమును, ఒక్కరు కట్టలేని శాలను పలువురు సభ్యులు కలిసి భరించుటయే ఆ క్లబ్బుల మర్మము.

ఆరంభదినములలో గొప్పవారికిని గొప్ప భవనములు లేవు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపాసంచులతో విమానము నడిపెను. అచ్చటినుండి నెవిల్ వింట్సెంటు బళ్లారిమీదుగా మద్రాసునకు గొనిపోయెను. ఆ కంపెనీవారికి జుహూ మైదానమున ఆదిలో నున్నది తాటాకు కప్పిన పాకయే. అయితే వానకాలము వచ్చినతోడనే ఆ మైదానము నీటమునుగుటచే వారు పూనాకు తరలిపోవలసివచ్చెడిది. కప్పు ఎంత చౌకగానున్నను సరిపెట్టుకొనవచ్చును గాని నేల చెడ్డదైన సరిపెట్టుకొనరాదని దీనివలన తెలియుచున్నది.

ఇక కొలతలు. ప్రపంచమున విరివిగా వ్యాపించిన సెస్నా 172 అను చిన్న విమానమును ఉదాహరణముగా గైకొందము. దాని రెక్కలు కొననుండి కొనకు 36 అడుగులు. పొడవు 27 అడుగులు. ఎత్తు 9 అడుగులు. బరువో, ఖాళీగా నున్నపుడు సుమారు 750 కిలోలు మాత్రమే. ఒక పెంకుటింటియంత చోటు నాక్రమించును గాని చిన్న మోటారుకారుకంటె బరువుండదు. దాని కష్టములన్నియు ఇందుండియే పుట్టుచున్నవి. ఆరుబయట త్రాళ్లతో కట్టివేయవచ్చును, పలువురట్లే చేయుదురు. కాని ఎండకు రంగును అద్దములును చెడును; ఉప్పుగాలికి అల్యూమినియము తినివేయబడును; కందిరీగలు సన్నని గొట్టములలో మట్టిగూళ్లు పెట్టును. మన పొలములలోని ఎలుకల సంగతి నేను చెప్పనేల?

ఒక్కొక్క విమానమునకు 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు గల గది కట్టితిమా, 1,200 చదరపుటడుగులు వలయును. ఆరింటికి 7,200. అయితే విమానము నలుచదరముగా లేదు. రెక్కలవద్ద వెడల్పు, తోకవద్ద సన్నము. ఇంగ్లీషు అక్షరమాలలోని టీ అక్షరమువంటి రూపు. కావున గదియు నట్లే యుండవచ్చును. రెక్కలకు 40 అడుగుల వెడల్పున 14 అడుగుల లోతు, తోకకు 20 అడుగుల వెడల్పున 16 అడుగుల లోతు చాలును. ఇట్టి గదులను మూడింటిని ఒక వరుసగాను, తక్కిన మూడింటిని వాని కెదురుగాను, ఒకదాని తోక మఱొకదాని తోకల నడుమ చొచ్చునట్లు పెట్టుడు. రెండుచేతుల వ్రేళ్లను ఒకదానినడుమ నొకటి దూర్చినట్లుండును. అపుడు శాల పొడవు 140 అడుగులు, వెడల్పు 44 అడుగులు, వైశాల్యము 6,160 చదరపుటడుగులు. వేయింటికి పైగా కలిసివచ్చుటయే గాక, రెండు కొనలయందును 440 చదరపుటడుగుల చొప్పున చోటు మిగులును. అది పనిముట్లకును కార్యాలయమునకును చాలును. విద్యార్థులు కాగితముపై గీచి యీ లెక్కను సరిచూచుకొందురు గాక.

అడ్డుగోడలు లేని ఒక్క పెద్దసాల యింతకంటెను చౌకగదాయని అడుగవచ్చును. నిజమే. కాని అందు వెనుకనున్న విమానమును తీయుటకు ముందున్నవానిని రెండుమూడింటిని త్రోయవలెను. ఆ త్రోపులలో ఒకని రెక్క మఱొకని తోకకు తగులును. అటుపిమ్మట ఆరుగురి స్నేహమెట్లుండునో చెప్పనక్కఱలేదు. పైగా అడ్డుగోడల వరుసలలో స్తంభములు నిలుపవచ్చును గనుక పొడవైన దూలములు అవసరముండవు. నా మతమున వేఱువేఱు గదులే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. 1977 నవంబరునందలి దివిసీమ ఉప్పెనను పెద్దలు మఱవలేదు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను కోనసీమలో కొబ్బరితోటలను నేలగూల్చినది. కోస్తాంధ్రమున గృహములు కట్టువారు సెకనుకు 50 మీటర్ల గాలికి, అనగా గంటకు 180 కిలోమీటర్ల వేగమునకు, లెక్కవేయవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఆ గాలి ఒక్కొక్క చదరపుటడుగుపై సుమారు 14 కిలోల బలము చూపును. వేగము సగమైనచో బలము సగము కాదు, నాల్గవవంతగును. దీనిని భౌతికశాస్త్రము చదువు పిల్లలు గుర్తించుకొనవలెను.

ఈ బలము కప్పును క్రిందికి నొక్కునని పలువురు తలంతురు. పల్లముగా వాలిన కప్పు విషయమున జరుగునది దీనికి విరుద్ధము. రెక్కమీద ప్రవహించుచు విమానమును లేపు గాలియే శాలకప్పును గూడ లేపును. కొంచెము మోటుగా లెక్కించినను, 6,160 చదరపుటడుగుల కప్పుపై ఎత్తుబలము 86 టన్నులగును. ఇనుపరేకులు, వాసములు, దూలములు కలిసి చదరపుటడుగునకు 2 కిలోలనుకొన్నచో కప్పు బరువు 12 టన్నులు మాత్రమే. మిగిలిన 74 టన్నులను పునాదులు పట్టియుంచవలెను. 24 స్తంభములున్నచో ఒక్కొక్కదానికి మూడు టన్నులకు పైబడును. కాంక్రీటు ఘనమీటరునకు 2,400 కిలోలు గనుక ఒకటిన్నర ఘనమీటరు దిమ్మె చాలునని తోచును. ఇచ్చట మన డెల్టా మోసముచేయును. వానకాలమున నీరు నేలమట్టమునకు వచ్చును. నీటమునిగిన దిమ్మె ఆర్కిమిడీసు సూత్రముచొప్పున ఘనమీటరునకు 1,000 కిలోలు కోల్పోవును. కావున రెండు ఘనమీటర్లకు పైగా పోయవలెను. తుపానును, నీటిపొంగును జంటగా వచ్చునవి గదా! పునాదియందు మిగిల్చిన సొమ్ము కప్పుతోపాటు ఎగిరిపోవును.

తలుపులు తరువాతి చిక్కు. తలుపు విఱిగి గాలి లోపలజొచ్చెనా, వెలుపల లాగుచున్న కప్పును లోపలనుండి త్రోయును. రెండు బలములు కలియును. తుపాను సాగుచున్నకొలది గాలి దిక్కు మాఱుచుండును గనుక ఇరువైపుల తలుపులును సమానబలము గలవై యుండవలెను. బందులపై తిరుగు పెద్దతలుపులకంటె పైకమ్మికి వ్రేలాడుచు ప్రక్కకు జరుగు తలుపులు నయము. వాని క్రిందిగాడి మట్టితో నిండకుండ ఎవ్వరో ఒకరు ఊడ్చుచుండవలెను.

నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు పగులును. కావున పైమట్టి తీసివేసి, గ్రావెలు పోసి, చుట్టుపట్ల నేలకంటె రెండడుగులైనను ఎత్తుచేసి దిమ్మెసచేసిన పిదపనే కాంక్రీటుగచ్చు వేయవలెను. ఆ గచ్చు తలుపులవైపు కొంచెము వాలియుండవలెను. పెట్రోలు డబ్బాలు శాలలో నుంచరాదు. ఇసుకబక్కెట్లు ప్రతిగదివద్దను ఉండవలెను.

ఇక ఆరుగురి ఒడంబడిక. ఇది కాంక్రీటుకంటె ముందే తయారు కావలెను. నేల విమానాశ్రయమువారిదైనచో కౌలు ఎన్నియేండ్లకో, గడువు తీరినపిమ్మట శాల ఎవరిదో వ్రాతమూలకముగా తేల్చుకొనవలెను. ఖర్చు ఆరుభాగములు చేసి, ఏటేట రంగునకును రేకులమేకులకును ప్రత్యేకముగా కొంతసొమ్ము బ్యాంకులో వేయవలెను. ఒకడు ఊరువిడిచిపోయినచో వాని భాగమును తక్కిన అయిదుగురు మొదట కొనుటకు హక్కుండవలెను. వారు కొననిచో అతడు వెలుపలివారికి అమ్ముకొనవచ్చును, కాని క్రొత్తవాని విమానము 36 అడుగుల రెక్కలకు మించరాదు. తుపానుజెండా ఎగిరిననాడు తలుపులన్నియు బిగించి గడియలు సరిచూచు పని ఎవరిదో, అతడు ఊరలేనిచో మఱెవరిదో, పేర్లతో వ్రాసి కార్యాలయపుగది గోడకు అంటింపవలెను.