64 చుక్కల వెన్న

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత లాప్‌టాప్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని. ఆఫీసులు వాడి వదిలేసిన 12 అంగుళాల థింక్‌ప్యాడ్‌లు అక్కడ చవగ్గా దొరుకుతాయి. బరువు తక్కువ, కీబోర్డు గట్టిది. మెయిళ్లకూ లెక్కలకూ ఏ ఇబ్బందీ ఉండదు. హెచ్‌డీ సినిమా పెట్టినప్పుడే తంటా. మాట ముందు వినిపిస్తుంది, పెదవి తర్వాత కదులుతుంది. ఫ్యాను హోరెత్తుతుంది. నేనూ అలాంటిదొకటి కొన్నాను. ర్యామ్ రెట్టింపు చేయించాను, అయినా బొమ్మ ఆగి ఆగే కదిలింది. లోపం ర్యామ్‌లో లేదు.

హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు, సెకనుకు 24 బొమ్మలు. రెండున్నర గంటల సినిమాను ఉన్నదున్నట్టు దాచాలంటే 1,340 గిగాబైట్లు దాటుతుంది. అదే సినిమా మనకు 8, 9 గిగాబైట్ల ఫైలుగా వస్తోంది. మిగతాదంతా ఏమైందన్న ప్రశ్నకు జవాబు కనిపెట్టిన మనిషి చదివిన కాలేజీ, ఎస్.పి. రోడ్డు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కె.ఆర్. సర్కిల్ దగ్గర ఉంది.

ఆయన పేరు నాసిర్ అహ్మద్. 1940లో బెంగళూరులోనే పుట్టారు. విశ్వేశ్వరయ్య నెలకొల్పిన ఇంజనీరింగ్ కాలేజీలో, ఇప్పుడు యూవీసీఈ అంటున్న దానిలో, 1961లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లారు. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేట్ అందుకున్నారు. అదే ఏడాది అక్కడే డాక్టరేట్ అందుకున్న మరొకరు కె.ఆర్. రావు, అంటే కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1952లో చదువు ముగించుకుని వెళ్లినవారాయన.

అహ్మద్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, బొమ్మలను కుదించడానికి కొసైన్ తరంగాలను వాడవచ్చునని ఆయనకు తోచింది. 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను నిధులడిగారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందన్నది ఒక పరిశీలకుడి అభ్యంతరమట. ఆయన వదల్లేదు. 1973 వేసవి మొత్తం దానికే ధారపోశారు. శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు రావు తోడయ్యారు. వచ్చిన ఫలితాలు ఎంత బాగున్నాయంటే, నిజమేనా అని ఆయనకే అనుమానం కలిగింది. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో నాలుగు పేజీల వ్యాసం అచ్చయింది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. పొట్టిగా డీసీటీ.

అది చేసే పని మజ్జిగ చిలకడం లాంటిది. బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 చుక్కలు, అంటే ఒక్కో రంగు పొరకు 64 అంకెలు. అల్సూరు చెరువు మీది ఆకాశాన్ని ఫొటో తీశారనుకోండి. ఆ నీలంలోని ఒక గడిలో 64 అంకెలూ ఇంచుమించు ఒకటే. వాటిని డీసీటీ మరోలా చెబుతుంది: సగటు రంగు ఇంత, పెద్ద అల ఇంత, దానికన్నా చిన్న అల ఇంత, మరీ సన్నని అల ఇంత. 64 అంకెలు ఇస్తే 64 అంకెలే తిరిగొస్తాయి. చిలికినా కుండలోది కుండలోనే ఉంటుంది, కాకపోతే అంతటా కలిసిపోయి ఉన్న వెన్న ఒకచోటికి తేలుతుంది. ఇక్కడా అంతే, బొమ్మలోని సారమంతా మొదటి కొద్ది అంకెల్లోకి చేరుతుంది. మిగతావి సున్నాకు దగ్గర పడతాయి. సన్నని అలల్లో తేడాలను మన కన్ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి వాటిని వదిలేయవచ్చు.

వీడియోలో మరో వెసులుబాటు ఉంది. ఎం.జి. రోడ్డు మీద ఆటో కదులుతుంది, వెనక భవనాలు కదలవు. అందుకని ప్రతి బొమ్మనూ మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఆటో ఉన్న గడులు ఇంత పక్కకు జరిగాయని చెప్పి, మిగిలిన తేడాను మాత్రం చిలికితే చాలు. 1988 నాటి హెచ్.261 మొదలు డీవీడీల ఎంపెగ్-2, 2003లో వచ్చిన హెచ్.264 దాకా వీడియో ప్రమాణాల వరుసంతా ఈ రెంటి మీదే నడిచింది.

కుదించినదాన్ని విప్పాలి కదా. లాప్‌టాప్ కష్టమంతా అక్కడే. హెచ్.264లో ఒక హెచ్‌డీ బొమ్మ అంటే 16 చుక్కల చదరాలు 8,160. ఒక్కో బొమ్మకు ఉన్న గడువు సెకనులో 24వ వంతు. పైగా బిట్ల ముడి విప్పే మొదటి దశలో ముందు బిట్టు తేలితే గానీ తర్వాతిది తెలియదు, పనిని నలుగురికి పంచడానికి కుదరదు.

ప్రాసెసర్ అన్ని వంటలూ వచ్చిన వంటవాడు. పెళ్లి భోజనమైనా వండుతాడు. కానీ పొద్దున్నే దర్శిని హోటల్ ముందు నిలబడ్డ జనానికి కావలసింది పెనం దగ్గర దోసెలు తప్ప మరేమీ వేయని మాస్టరు. వీడియో విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా చెక్కిన భాగం అలాంటిదే. దానికి మరో పని రాదు, ఈ పనిని మాత్రం అతి తక్కువ కరెంటుతో చేస్తుంది. ఇంటెల్ ఆటమ్ చిప్‌తో 2008లో వచ్చిన నెట్‌బుక్‌లలో అది లేదు. అందుకే బ్రాడ్‌కామ్ సంస్థ క్రిస్టల్ హెచ్‌డీ అనే చిన్న కార్డు చేసి అమ్మింది. అదే ఏడాది ఇంటెల్ తన లాప్‌టాప్ చిప్‌సెట్‌లోనే హెచ్.264 విప్పే భాగాన్ని పెట్టింది. 2011 నాటి రెండో తరం కోర్ చిప్‌లతో చిన్న బిజినెస్ లాప్‌టాప్ కూడా హెచ్‌డీ సినిమాను ఫ్యాను మోత లేకుండా చూపించగలిగింది.

అక్కడితో కథ ముగిసిందనుకున్నాను. ఈలోగా యూట్యూబ్ వీపీ9 అనే మరో కుదింపు పద్ధతికి మారింది. దోసెల మాస్టరును ఇడియాప్పం చేయమన్నట్టయింది. ఇంటెల్ చిప్‌లలో వీపీ9కి పూర్తి ఏర్పాటు ఏడో తరంతో, దాని తర్వాతి ఏవీ1 పద్ధతికి 2020 నాటి పదకొండో తరంతో వచ్చాయి. అంతకుముందు చిప్ ఎంత చురుకైనదైనా ఆ భారం చాలావరకు వంటవాడిదే.

ఆ వంటవాడికి మెళకువలు నేర్పినవాళ్లూ బెంగళూరులో ఉన్నారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ భారత విభాగానికి అధిపతిగా పనిచేసిన శ్రీని రాజం, సహచరులతో కలిసి 2001లో ఇత్తియం సిస్టమ్స్ స్థాపించారు. ప్రత్యేక భాగం లేని ఫోన్లలో కూడా, హెచ్.264 తర్వాతి ప్రమాణమైన హెచ్ఈవీసీ వీడియోను విప్పేందుకు ఆండ్రాయిడ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ సంస్థ రాసినదే. ఎవరైనా చదువుకోగల ఆ ప్రోగ్రాము ఫైళ్ల పైన సంస్థ పేరు పక్కనే బెంగళూరు అని ఉంటుంది.

కె.ఆర్. రావు 2021 జనవరిలో కన్నుమూశారు. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆయన అర్ధ శతాబ్దానికి పైగా పాఠాలు చెప్పారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకూ అహ్మద్‌కూ ఒక పేజీ ఉండాలని నా కోరిక.

మీ దగ్గర ఆగి ఆగి ఆడే లాప్‌టాప్ ఉంటే, వీడియో నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ అన్న గీతను చూడండి. అది లేవకపోతే బ్రౌజర్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వేసి, మళ్లీ చూడండి. గీత లేచి, బొమ్మ కుదురుగా కదిలితే ఆ లాప్‌టాప్‌ను అమ్మేయకండి.