అంగుళం ఉక్కు చాటున నలుగురు

ఎడ్ల బండలాగుడు పందేలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. రెండు పళ్ల గిత్తలకు రెండు పళ్ల గిత్తలతోనే పోటీ. వాటిని సీనియర్ జతల బండకు కట్టమంటే రైతూ ఒప్పుకోడు, కమిటీవారూ ఒప్పుకోరు. కంప్యూటర్ల మీద కుర్రకారు ఆడుతున్న 'వార్ థండర్' అనే ట్యాంకుల ఆటలోనూ ఇదే పద్ధతి ఉన్నది. ప్రతి ట్యాంకుకూ దాని సత్తానుబట్టి ఒక అంకె వేసి, దగ్గర దగ్గర అంకెలవారినే ఒక బరిలోకి దింపుతారు. ఆ పద్ధతి పుణ్యమా అని జపాన్‌వారి 'చి-హా' అనే పాతకాలపు ట్యాంకు ఈ ఆటలో పరువుగానే నెట్టుకొస్తున్నది. అసలు యుద్ధంలో దానికి ఆ భాగ్యం లేకపోయింది.

ఒక పరిచయస్తుని ఇంట్లో కొన్ని రాత్రులు పక్కన కూర్చుని చూసి, తరువాత స్వయంగా ఆడిన మీదట ఈ విలేకరికి తెలిసిన సంగతులివి.

ఆట ఇంటర్నెట్ మీద నడుస్తుంది. ఏ దేశంవాడో, ఏ ఊరివాడో తెలియదు. ఒక్కొక్క పక్షాన పదహారుమంది వరకు చేరి ట్యాంకులతో తలపడతారు. గైజిన్ అనే కంపెనీవారు 2012లో విమానాల యుద్ధంగా మొదలుపెట్టి తరువాత ట్యాంకులను చేర్చారు. ఆడటానికి రుసుము లేదు. కాని లోపలికి వెళ్లాక డబ్బు పెట్టి కొనుక్కునే సరుకు చాలా ఉన్నది. పిల్లల చేతికి బ్యాంకు కార్డు ఇచ్చే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

ఇక చి-హా సంగతి. దీని అసలు పేరు టైప్ 97. జపాన్‌వారి పాత రాజశకం ప్రకారం 2597వ సంవత్సరం, అనగా మన లెక్కలో 1937, దానిలోని చివరి రెండు అంకెలే ఈ పేరు. 'చి' అంటే మధ్యరకం. 'హా' అన్నది వారి పాత అక్షరక్రమంలో మూడవది. మధ్యరకంలో మూడో ట్యాంకు అని అర్థం. బరువు 15 టన్నులు. ఇంజను 170 హార్స్ పవర్ డీజిల్. మన పొలాల్లో తిరిగే 45 హార్స్ పవర్ ట్రాక్టర్లు ఇంచుమించు నాలుగింటి బలం. గాలితోనే చల్లబడుతుంది కనుక రేడియేటర్‌లో నీళ్లు పోసే పని లేదు. పొక్లెయిన్‌కు ఉన్నట్టు చైన్ల మీద నడుస్తూ గంటకు 38 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. లోపల నలుగురు మనుషులు.

ఇంతవరకు బాగానే ఉన్నది. లోటు కవచంలో ఉన్నది. ముందువైపు ఉక్కు రేకు మందం 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం. చాలా భాగం పాతకాలపు బాయిలర్ లాగా రివెట్లు కొట్టి అతికినదే. ఫిరంగి 57 మిల్లీమీటర్లది, వినటానికి పెద్దదే. అయితే గొట్టం పొట్టి, గుండు వేగం తక్కువ. కాల్బలానికి తోడుగా వెళ్లి మరతుపాకుల గూళ్లను పేల్చటానికి తయారుచేసిన ఫిరంగి అది. ఎదుటి ట్యాంకును పొడవటానికి చేసినది కాదు. ఆ రోజుల్లో ఇంతకంటె తేలికైన, చవకైన ట్యాంకు నమూనా ఇంకొకటి పోటీకి వచ్చింది. డబ్బు పొదుపు చేద్దామని సైన్యంలో కొందరు పెద్దలు దానివైపే మొగ్గు చూపారు. 1937 జులైలో చైనాతో యుద్ధం రావటంతో ఖజానా తలుపులు తెరుచుకుని చి-హాకు మోక్షం లభించింది. అంటే మనం చెప్పుకుంటున్నది రెండిట్లో మెరుగైనది అన్నమాట!

ఆటలో దీనిని తోలేవాడు మొదటి రోజే ఒక పాఠం నేర్చుకుంటాడు. నడి బాట మీద ఎదురుగా పోకూడదు. రష్యావారి బి.టి. ట్యాంకులు అదే తరగతిలో ఎదురుపడతాయి. అవి గుర్రాల్లా పరుగెత్తుతాయి, వాటి 45 మిల్లీమీటర్ల ఫిరంగి అంగుళం రేకును సులువుగా చీల్చేస్తుంది. కాబట్టి చి-హావాడు గోడ మూలనో, గట్టు చాటునో ఆగి, తల మాత్రం పైకి కనపడేట్టు పెట్టి కాచుకోవాలి. ఎదుటివాడు పక్క చూపేదాకా ఓపిక పట్టాలి. గుండు నిదానంగా వంపు తిరిగి పోతుంది. దూరంలో ఉన్నవాడిని కొట్టాలంటే, వడిసెలతో పిట్టలను తోలినట్టు, కాస్త పైకీ కాస్త ముందుకూ గురిపెట్టాలి. అయితే ఆ గుండు కడుపులో మందు ఉంటుంది. పక్క రేకులో దూరిందా, లోపలికి పోయి పేలుతుంది. ఒక్క దెబ్బతో ఎదుటి ట్యాంకు కథ ముగుస్తుంది. ఇందుకే ఈ బండిని ఇష్టపడేవారు ఇష్టపడుతున్నారు. దీనిని తోలేవాడికి తొందర ఉండరాదు.

ఈ ఆటలో మిగతా ఆటల మాదిరి 'ప్రాణం ఇంత శాతం' అనే లెక్క లేదు. గుండు ఎక్కడ తగిలింది, లోపల ఎవరికి తగిలింది అన్నదే చూస్తారు. తోలేవాడికి తగిలితే బండి ఆగుతుంది. ఫిరంగివాడికి తగిలితే ఇంకొకడు ఆ పీటమీదకు జరగాలి. ఒక్కడే మిగిలితే ఆ ట్యాంకు పోయినట్టే. తెరమీద నాలుగు చిన్న బొమ్మలు ఎర్రబడి నల్లబడతాయి. ఆటగాడు మీట నొక్కి వరుసలో ఉన్న ఇంకొక ట్యాంకుతో మళ్లీ దిగుతాడు.

ఆ నాలుగు బొమ్మల చోట మనుషులు ఉన్నప్పటి సంగతి కూడా చెప్పుకోవాలి.

1939లో మంగోలియా సరిహద్దున నోమన్‌హాన్ దగ్గర చి-హాలు మొదటిసారి రష్యా ట్యాంకులను ఎదుర్కొన్నాయి. వచ్చినవే నాలుగు. జులైలో జరిగిన దాడిలో రెజిమెంటు నాయకుడే తన ట్యాంకులో చనిపోయాడు. పొట్టి ఫిరంగి పనికిరాదని అక్కడే తేలింది. ఆ తరువాతనే పొడవు గొట్టపు 47 మిల్లీమీటర్ల ఫిరంగి వచ్చింది. ఆటలో 'చి-హా కాయ్' అనే పేరుతో పై మెట్టున కనపడేది అదే. ఫిరంగి మారినా రేకు మాత్రం అంగుళమే.

మనవారికి ఎక్కువగా సంబంధించినది మలయాలో జరిగింది. 1941 డిసెంబరు నుంచి వెనక్కి తగ్గుతూ, నిద్రాహారాలు లేక అలసిన 11వ భారత డివిజన్ స్లిమ్ నది దగ్గర నిలిచి ఉన్నది. ఆ సైనికుల్లో చాలామంది ఈ యుద్ధానికి ముందు ట్యాంకు అనేదే చూసి ఎరుగరు. మలయాలో బ్రిటిషువారికి ఒక్క ట్యాంకు కూడా లేదు. 1942 జనవరి 7 తెల్లవారుజామున, వెన్నెల్లో, రబ్బరు తోటల నడుమ రోడ్డు వెంట షిమాడా అనే మేజరు చి-హాలను తోలుకువచ్చాడు. ముందు వరుసలో ఉన్నది 4/19 హైదరాబాద్ రెజిమెంటు. పేరు నిజాం కాలపు సైన్యం నుంచి వచ్చినదేగాని, అప్పటికి అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. వారిని దాటుకుని, వాడుక తప్పిన పాత రోడ్డు వంపుల మీదుగా పంజాబీలను చుట్టి, గూర్ఖాలను చెల్లాచెదరు చేసి ట్యాంకులు నది వంతెనను చెక్కుచెదరకుండా పట్టుకున్నాయి. ఒక ఫిరంగిదళం అతి దగ్గర నుంచి పెద్ద గుండుతో ముందు ట్యాంకును పేల్చినదాకా వాటికి అడ్డు లేదు. ఒక్క పూటలో రెండు బ్రిగేడులు లేకుండా పోయాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఆ రబ్బరు తోటల్లో గొడ్డుచాకిరీ చేస్తున్న కూలీలలో తమిళులతోపాటు మన తెలుగువారూ ఉన్నారు. తరువాత వారిలో ఎందరినో జపాన్‌వారు సయామ్-బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోయారు. తిరిగిరానివారు వేలమంది.

అంగుళం రేకు బండి ఆనాడు గెలిచిందంటే ఎదుట సమఉజ్జీ లేడు కనుకనే.

రెండేళ్లు గడిచేసరికి లెక్క తిరగబడింది. 1944 జూన్ 16 రాత్రి సైపాన్ దీవిలో నలభైకి పైగా జపాన్ ట్యాంకులు, పైన సైనికులను ఎక్కించుకుని, అమెరికావారి మీదకు వెళ్లాయి. ఎదుట బజూకాలు, టన్నుల లెక్కన రెట్టింపు ఉన్న షెర్మన్ ట్యాంకులు. ఆకాశంలో ఓడల నుంచి వేసిన వెలుగుబాంబులు. తెల్లవారేసరికి చాలా భాగం కాలిపోయాయి. రెండు పళ్ల గిత్తలను సీనియర్ బండకు కట్టినట్టయింది. యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి, తరువాత పేరుమోసిన నవలాకారుడైన షిబా ర్యోటారో తాను ఎక్కిన ఈ ట్యాంకుల పలుచదనం గురించి కోపంగానే రాశాడు.

ఇవో జిమా దీవిలో ట్యాంకుల నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ నిషి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో గుర్రపు దూకుడులో బంగారు పతకం గెలిచిన మనిషి. దీవికి వస్తుండగానే ఓడ మునిగి ఆయన ట్యాంకులు 28 సముద్రం పాలయ్యాయి. తరువాత వచ్చినవాటితో చురుకుగా పోరాడాలని ఆయన కోరిక. చివరికి వాటిని టరెట్ల దాకా నేలలో పాతిపెట్టి ఫిరంగి గూళ్లుగా వాడవలసి వచ్చింది. 1945 మార్చిలో ఆయన అక్కడే మరణించాడు. ఆటలో కుర్రవాళ్లు గట్టు చాటున తల మాత్రం చూపి కాచుకునే ఎత్తు ఇదే. తేడా ఏమిటంటే, వీరు అవసరమైతే రివర్సు గేరు వేసి వెనక్కి పోగలరు.

చి-హాలు రెండువేల పైచిలుకు తయారయ్యాయి. ఒకటి టోక్యోలోని యసుకుని మందిరం ప్రదర్శనశాలలో ఉన్నది. అంత దూరం పోనక్కరలేదు. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) లోని సైన్యంవారి ట్యాంకుల మ్యూజియంలో కూడా ఒక టైప్ 97 ఉంచారు. షిర్డీ యాత్రకు వెళ్లే మన జిల్లావారికి అది పెద్ద దూరం కాదు.