గవ్వలు చెప్పిన ఊరు

నాలుగు గవ్వలు గచ్చు మీద పడ్డాయి. రెండు వెల్లకిలా, రెండు బోర్లా. పదకొండేళ్ల మేనకోడలు నోట్‌బుక్‌లో వేలు పెట్టి చదివింది: 'రాత్రి షిఫ్టు సైరన్ మోగితేనే తెరుచుకునే బజారు.' మళ్లీ వేసింది. ఒక్కటే వెల్లకిలా పడింది. బజారు వస్తే రెండో పట్టికలో ఒక గవ్వ కలుపుకోవాలని ముందే అనుకున్నాం కాబట్టి, రెండు. 'జీతాల రోజు మాత్రమే కంటికి కనిపించే వడ్డీ వ్యాపారి.' మూడోసారి మూడు. 'ఇక్కడ ఎవరూ సొంత భాషలో అబద్ధం చెప్పలేరు.'

"ఏటి మావయ్యా, అబద్ధం ఆడకపోతే బజారు ఎలా నడుస్తాది?" అన్నాడు దాని తమ్ముడు.

"సొంత భాషలోనే కదరా ఆడలేనిది? తెలుగోళ్లు బెంగాలీలో బేరం ఆడతారు. బెంగాలీ వాళ్లు హిందీలో ఆడతారు" అంది అది. కాసేపు గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి, "అయితే ఆ వడ్డీవాడి సొంత భాష ఏదో ఎవరికీ తెలీదు. అది కనిపెట్టినోళ్లకే అప్పు తీరుతాది" అంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, మథురాకాటిలో మా అక్కవాళ్ల రైల్వే క్వార్టరు వరండాలో, ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. ఆ మాటతో మాకొక ఊరు దొరికింది. దాని తాళంచెవి కూడా దొరికింది.

మేం ఆడుతున్నది రోల్ ప్లేయింగ్ గేమ్. ఒకరు లోకాన్ని నడుపుతారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. 'నేను ఆ తలుపు తడుతున్నా' అంటే, తలుపు వెనక ఏముందో గేమ్ మాస్టర్ చెప్తాడు. మరి ఆయనకు ఎలా తెలుస్తుంది? అన్నీ ముందే రాసిపెట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే పట్టికలు. వరుసకొక విషయం రాసుకుని, పాచిక ఏ అంకె చూపిస్తే ఆ వరుస తీసుకోవడం. దీన్నే ర్యాండమ్ టేబుల్ అంటారు.

ఈ పద్ధతి ఆటతో పాటే పుట్టింది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరినుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. దారిలో ఎదురయ్యే రాక్షసుల పట్టికలు అప్పుడే ఉన్నాయి. 1979లో వచ్చిన 'డంజన్ మాస్టర్స్ గైడ్' చివర, పాచికలు వేసుకుంటూ ఒక నేలమాళిగను గది తర్వాత గదిగా కట్టుకుపోయే పట్టికలు అచ్చేశారు. 1977లో మార్క్ మిల్లర్ తెచ్చిన 'ట్రావెలర్' ఏకంగా గ్రహాల్నే పుట్టించింది. అందులో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. ముందు గ్రహం ఎంత పెద్దదో పాచికలు చెప్తాయి, ఆ అంకె గాలి పట్టికలోకి వెళ్తుంది. చిన్న గ్రహం గాలిని పట్టి ఉంచలేదు గనక అక్కడ గాలి పలచన. ఒక వరుస ఇంకో వరుస చెయ్యి పట్టుకుంటే లోకం అతుకులబొంతలా ఉండదు. బజారుకు ఒక గవ్వ కలపడం మేం అక్కడ నేర్చుకున్నదే.

పాచికలకు బదులు గవ్వలు ఎందుకంటే, ఇంట్లో ఉన్నవి అవే. అష్టాచమ్మా ఆడే గవ్వలు. కానీ వాటిలో మంచి లెక్క దాగి ఉంది. ఒక పాచికలో ఆరు అంకెలకూ సమాన హక్కు. నాలుగు గవ్వలు అలా కాదు. వెల్లకిలా, బోర్లా పడటం సమానమే అనుకుంటే మొత్తం 16 తీరుల్లో పడతాయి. అందులో రెండు వెల్లకిలా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. నాలుగూ వెల్లకిలా పడే చమ్మా ఒక్కటే, నాలుగూ బోర్లా పడే అష్టా ఒక్కటే. అందుకని రోజూ కనిపించేదాన్ని 'రెండు' దగ్గర రాయాలి. జన్మకో శివరాత్రిగా కనిపించాల్సిన వింతను చమ్మా దగ్గర, అష్టా దగ్గర దాచాలి.

మా మొదటి పట్టిక ఇదీ. ఒకటి పడితే, చివర కనిపించని ప్లాట్‌ఫారం. ఖరగ్‌పూర్‌లో పుట్టిన పిల్లలు ఇంకేం రాస్తారు? 1072.5 మీటర్ల పొడవున్న వాళ్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనది, 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేదాకా. రెండు పడితే బజారు. దానికి మూలం ఊళ్లోని గోల్ బజార్. మూడు పడితే ఎర్రమట్టి దారిలో, సాలవృక్షాల మధ్య సత్రం. చమ్మా పడితే హిడింబి నిద్రపోయే దిబ్బ. ఇందా వైపు ఖడ్గేశ్వరుడి గుడి ఉంది, ఊరి పేరు దానివల్లే వచ్చిందంటారు. హిడింబి ఉండేది ఆ పక్కనేనని స్థానికులు చెప్పుకుంటారు. 'మాయాబజార్' చూసి పెరిగిన పిల్లలకు ఘటోత్కచుడి తల్లిగారిల్లు సైకిల్ మీద వెళ్లే దూరంలో ఉందంటే ఎంత సంబరమో!

అష్టా దగ్గర మేనల్లుడు మొదట 'దెయ్యాల జైలు' అని రాశాడు. బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన ఇక్కడి హిజ్లీ వాడి మనసులో ఉంది. 1931 సెప్టెంబరు 16న ఆ నిర్బంధ శిబిరంలో పోలీసు కాల్పులకు సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. 1950లో మొదలైన ఐఐటీ తొలినాళ్లు గడిచింది ఆ భవనంలోనే. ఆ సంగతి వాడికి చెప్పాను. వాడే ఆ వరుస కొట్టేసి 'పట్టాలు మొలిచే పొలం' అని రాశాడు. ప్రాణాలిచ్చిన మనుషుల్ని ఆటలో దెయ్యాల్ని చెయ్యకూడదు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఐదేసి వరుసల పట్టికలు మూడు. కలిపితే 125 దాకా ఊళ్లు. అన్నీ పండవు. 'మాయా అడవి', 'భయంకరమైన గుహ' లాంటి వరుసలు రాస్తే ఒక్కటీ పండదు. వాటిలో పట్టుకోవడానికి కొమ్మ లేదు. 'జీతాల రోజు మాత్రమే కనిపించే' అన్న నాలుగు మాటల్లో ఒక నెల ఉంది, ఒక అప్పు ఉంది, ఎదురుచూపు ఉంది. వరుస రాసేటప్పుడు పడే శ్రమ అదే.

అచ్చంగా గవ్వల మీద వదిలేస్తే కల్పన ఏముంది అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు అష్టావధానం గుర్తు చేస్తాను. అందులో దత్తపది అనే అంశంలో పృచ్ఛకుడు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలిచ్చి, రామాయణార్థంలో పద్యం చెప్పమంటాడు. మాట మార్చమనే వీలు అవధానికి లేదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి సభల్ని ఉర్రూతలూగించింది ఈ విద్యతోనే. మాటలు ఎవరివైనా కావచ్చు, వాటిని కలిపిన ముడి అవధానిది. బజారు, వడ్డీ వ్యాపారి, అబద్ధం గవ్వలిచ్చినవి. వడ్డీవాడి భాష ఎవరికీ తెలీదన్న ముడి నా మేనకోడలిది. అందుకే మా ఇంట్లో ఒక నియమం: పొసగలేదని వెంటనే మళ్లీ వెయ్యకూడదు. గవ్వలు కింద పెట్టి కాసేపు తన్నుకులాడాలి.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో గురువు మణిసిద్ధుడు, శిష్యుడు గోపుడు కాశీకి నడుస్తారు. మజిలీ మజిలీకీ గోపుడు ఏదో వింత చూసి దాని కథ అడుగుతాడు. గురువు చెప్పాలి. దారిలో తగిలినదాన్ని బట్టి కథ పుట్టే ఈ ఆటకు తెలుగులో ఇంతకన్నా మంచి నమూనా నాకు తెలీదు.

లేక్ జెనీవా వాళ్లు తమ పట్టికల్లో తాము చదివినవి నింపుకున్నారు. వాటినే మనం తెచ్చుకుంటే మన పిల్లల లోకాల్లోనూ రాతి కోటలు, సారాయి సత్రాలే ఉంటాయి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఆ అవసరం లేదు. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న రైలుమార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్లు పనికోసం ఈ ఊరు చేరారు. తరాలు గడిచాయి. ఇక్కడి తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సొంత భాషలో అబద్ధం చెప్పలేని ఊరు అనే వరుస, నాలుగు భాషల మధ్య పెరిగిన పిల్లలకే తడుతుంది.

మీ ఊరికీ ఒక పట్టిక రాయండి. ఐదు వరుసలు చాలు. పిల్లల చేతే రాయించండి, వాళ్లు రాసింది దిద్దకండి. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కల్ని రెండుగా చీల్చండి. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. లెక్క అదే వస్తుంది.