టైసన్ ముందు ఎవర్ని నిలబెట్టాలి? డాన్ కింగ్ వేసిన లెక్క

లైగర్ సినిమాలో మైక్ టైసన్‌ని చూశారు కదా. ఈరోజు ఎపిసోడ్ ఆయన గురించే, కానీ ఆయన పంచ్ గురించి కాదు. ఆయన వెనకాల ఉన్న మనిషి గురించి. కరెంట్ షాక్ కొట్టినట్టు జుట్టు పైకి నిలబడి ఉంటుంది చూడండి, ఆయనే ప్రమోటర్ డాన్ కింగ్.

ముందు ఒక విషయం. క్రికెట్‌లో షెడ్యూల్ బోర్డు చేతిలో ఉంటుంది, ఎదురుగా ఎవరొచ్చినా ఆడాల్సిందే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలా కాదు. ఛాంపియన్ ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ తలపడాలో చాలావరకు ప్రమోటరే మాట్లాడి సెట్ చేస్తాడు. అంటే పరీక్ష పేపర్ మన మేనమామే తయారు చేసినట్టన్నమాట.

1995 మార్చిలో టైసన్ జైలు నుంచి బయటకొచ్చాడు. అత్యాచారం కేసులో మూడేళ్ళు లోపల ఉన్నాడు. జనానికి ఒకటే ఆత్రం, మళ్ళీ ఎప్పుడు రింగ్‌లోకి దిగుతాడా అని. ఆ ఆత్రమే డబ్బు. ఆగస్టులో లాస్ వేగాస్‌లో పీటర్ మెక్‌నీలీ అనే అబ్బాయిని ఎదురు పెట్టారు. కాగితం మీద అతని రికార్డు 36 గెలుపులు, ఒకటే ఓటమి. వినడానికి భలే ఉంది కదా? ఆ 36 మంది ఎవరో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది, ఎక్కువమంది ఊరూపేరూ లేనివాళ్ళే. ఫైట్ 89 సెకన్లలో అయిపోయింది, మెక్‌నీలీ మేనేజరే రింగ్‌లోకి దూకేశాడు. అయినా అమెరికాలో 15 లక్షలకు పైగా ఇళ్ళవాళ్ళు డబ్బు కట్టి మరీ చూశారు!

ఇక్కడ అసలు కిటుకు బెల్టులది. హెవీవెయిట్‌లో ఒక్క ఛాంపియన్ ఉండడు, డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ అంటూ ఒక్కో సంస్థకి ఒక్కో బెల్టు. వీటిలో ఈజీగా దొరికేది ఏదో చూసుకుని వెళ్ళొచ్చు. 1996 మార్చిలో ఫ్రాంక్ బ్రూనోని మూడో రౌండ్‌లో కొట్టి టైసన్ డబ్ల్యూబీసీ బెల్టు తీసుకున్నాడు. రూల్ ప్రకారం తర్వాత లెనాక్స్ లూయిస్‌తో ఆడాలి. లూయిస్ అంటే పొడుగు, బలం, బుర్ర, మూడూ ఉన్నోడు. ఏం చేశారో తెలుసా? పక్కకి తప్పుకోమని లూయిస్‌కి 40 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాత ఆ బెల్టునే వదిలేసుకున్నారు! సెప్టెంబర్‌లో డబ్ల్యూబీఏ బెల్టు కోసం బ్రూస్ సెల్డన్‌తో పెట్టారు. 109 సెకన్లు. హాల్లో జనం ఫిక్సింగ్ అని అరిచారు. నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను, జనం కోపంలో న్యాయం ఉందనిపిస్తుంది.

ఇంకో ఆయుధం ఉంది, పేరు ఆప్షన్. ఛాంపియన్‌తో ఆడే ఛాన్స్ కావాలా? అయితే సంతకం పెట్టు, నువ్వు గెలిస్తే నీ తర్వాతి ఫైట్లు కూడా నాతోనే అని. అప్పుడు ఎవరు గెలిచినా ప్రమోటర్ ఓడిపోడు. ఛాంపియన్‌ని కాపాడుతున్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి కాపాడుకునేది తన సీటుని.

మరి ఈ లెక్క తప్పదా? తప్పింది. 1996 నవంబర్ 9న ఎవాండర్ హోలీఫీల్డ్‌ని తెచ్చారు. వయసు 34, అంతకుముందు ఏడాది రిడిక్ బోవ్ చేతిలో నాకౌట్ అయ్యాడు, పనైపోయిందని అందరూ అనుకున్నారు. సేఫ్ అనుకున్నారు. 11వ రౌండ్‌లో టైసన్‌ని ఆపేశాడు. తేలికైన ఫైట్లతో టైసన్ జైలు నుంచి వచ్చాక మొత్తం ఆడింది ఎనిమిది రౌండ్లే, ఇక పదో రౌండ్‌లో ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

లూయిస్‌తో ఫైట్ చివరికి 2002లో జరిగింది, ఎనిమిదో రౌండ్‌లో టైసన్ నేల మీద ఉన్నాడు. ఈలోపు, 1998లో, తన డబ్బు తినేశాడని డాన్ కింగ్ మీద టైసన్ 10 కోట్ల డాలర్లకి కేసు వేశాడు. 2004లో 1.4 కోట్లకి సెటిల్ అయింది. అప్పటికే, 2003లోనే, టైసన్ దివాలా పిటిషన్ పెట్టుకున్నాడు.