ఆలస్యానికి లెక్క రాసేవాళ్లకూ కొలువుంది

మీది పాలకుర్తి వైపయితే దేవాదుల పేరు చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంటారు. పనులు 2004లో మొదలయ్యాయి. 2011లో సొరంగంలోకి వరద నీళ్లొచ్చాయి. దేవన్నపేట పంపుహౌస్‌లో మోటార్ ట్రయల్ రన్ 2025 మార్చిలో గానీ జరగలేదు. ఇంత పెద్ద పనుల్లో ప్రతి నెల ఆలస్యం వెనకా ఒక ప్రశ్న ఉంటుంది: ఆ ఖర్చు ఎవరిది? భూమి అప్పగించడం లేటయిందా, బిల్లులు ఆగాయా, కాంట్రాక్టరే మిషన్లు తేలేదా? దీన్ని కాగితాల మీద తేల్చేవాళ్లు నిర్మాణ కంపెనీలకు కావాలి, లాయర్లకూ కావాలి. సివిల్, లా విద్యార్థులు పెద్దగా పట్టించుకోని దారి ఇది.

ముందు ఒక తేడా పట్టుకోండి. గడువు పెంచడం వేరు, డబ్బు ఇవ్వడం వేరు. మన దగ్గర సర్కారు పనులకు వాడుతూ వచ్చిన ఏపీ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లో 59వ క్లాజు ఉంది. ఆలస్యం ఏ కారణంతో అయినా పరిహారం అడగొద్దు, సరైన కారణముంటే అదనపు గడువు మాత్రం ఇస్తాం అన్నది దాని సారం. అసోసియేటెడ్ ఇంజినీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఏపీ హైకోర్టు ఈ క్లాజును నిలబెట్టింది. సీహెచ్ రామలింగారెడ్డి కేసులో సుప్రీంకోర్టూ అదే మాటంది. అయితే 2009లో ఏషియన్ టెక్స్ కేసులో అదే కోర్టు ఇంకోలా చూసింది: ఇలాంటి క్లాజు డిపార్ట్‌మెంట్ చేతులు కడుతుందే గానీ ఆర్బిట్రేటర్ చేతులు కాదంది. కాంట్రాక్టర్ పక్షాన ఉంటే ఒకటి, సర్కారు పక్షాన ఉంటే ఇంకొకటి చూపిస్తారు. లాయర్లకు పని దొరికేది ఇక్కడే!

సైటులో మీ పని దీనికన్నా మామూలుగా ఉంటుంది. ఏ రోజు ఏం అడ్డొచ్చిందో హిండ్రెన్స్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఇంజినీరు సంతకం తీసుకోవాలి. గడువు పెంచమనే ఉత్తరం గడువు ముగియకముందే వెళ్లాలి. ‘ఫోన్లో చెప్పాం సార్’ అంటే నిలబడదు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ కూడా చదవండి. గడువే కీలకమైన ఒప్పందంలో లేటుగా చేసిన పనిని ఒప్పుకుంటూ, నష్టపరిహారం అడుగుతామని అప్పుడే నోటీసివ్వకపోతే తర్వాత అడిగే హక్కు పోతుంది.

మొదట్లో ప్లానింగ్ ఇంజినీర్, బిల్లింగ్, కాంట్రాక్ట్స్ విభాగాల్లో చేరొచ్చు. ప్రైమవేరా వస్తే మంచిదే, కానీ తప్పుల్లేకుండా ఉత్తరం రాయగలిగేవాళ్లే తక్కువ. తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండర్లు ఉంటాయి. ఒకటి దింపుకొని, ఆలస్యం గురించిన క్లాజులు వెతికి, ఇంటర్వ్యూకి వెళ్లేముందు రెండుసార్లు చదవండి.